చలి కొండల నడకకు పల్చటి ఫ్లీస్‌ను ఎంచుకోవడం ఎలా

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో అక్టోబరు ఉక్కపోతలో నిలబడి, డిసెంబరులో ఎక్కబోయే హిమాలయపు కొండ కోసం చలిబట్టలు కొనవలసి రావడం మన ప్రాంతపు ట్రెక్కర్లకు తప్పని ఇబ్బంది. ఒంటికి చలి తెలియని చోట చలిని ఊహించుకుంటూ కొంటాం కాబట్టి, అరలో ఉన్నవాటిలో అన్నిటికంటే మందంగా, బరువుగా, బొచ్చుగా ఉన్న జాకెట్టు వైపు చెయ్యి దానంతటదే వెళుతుంది. నా మొదటి ఫ్లీస్‌ను, అంటే పీచు లేపిన పాలిస్టర్ గుడ్డ జాకెట్టును, నేను కూడా అలాగే కొన్నాను. ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ గ్రామం నుంచి కేదార్‌కంఠ శిఖరం దారి పట్టిన అరగంటకే చెమటతో తడిసి దాన్ని విప్పవలసి వచ్చింది. విప్పితే చలి, వేసుకుంటే చెమట. మిగిలిన నాలుగు రోజులూ ఆ జాకెట్టు నా ఒంటి మీద కంటే వీపు మీది సంచిలోనే ఎక్కువసేపు ప్రయాణం చేసింది.

నడిచే మనిషికి కావలసిన ఫ్లీస్ వేరు, కూర్చున్న మనిషికి కావలసిన ఫ్లీస్ వేరు. దుకాణంలో మనం కదలకుండా నిలబడి తొడిగి చూస్తాం కనుక రెండోదాన్ని కొని, మొదటి పనికి వాడబోయి ఇబ్బంది పడతాం. ఇక్కడ చెప్పేది నడిచేటప్పుడు విప్పనవసరం లేని పల్చటి ఫ్లీస్ గురించి.

మధ్య పొర చేయవలసిన పని

చలిలో కొండ ఎక్కేవారు బట్టలను పొరలుగా వేసుకుంటారు. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బేస్ లేయర్ చర్మం మీది చెమటను లాగుతుంది, అన్నిటికంటే పైన ఉండే పల్చటి జాకెట్టు గాలినీ వాననూ అడ్డుకుంటుంది, ఈ రెండింటి నడుమ ఉండి ఒంటి వేడిని కొంత నిలుపుతూనే చెమట ఆవిరిని బయటికి పోనిచ్చేది మిడ్ లేయర్. ఆగినప్పుడూ, సాయంత్రం గుడారం దగ్గరా వేసుకునే డౌన్ జాకెట్టు (పక్షుల మెత్తటి ఈకలు నింపినది) ఈ లెక్కలోకి రాదు. అది సంచిలో పైభాగాన చేతికి అందేలా ఉండి, నడక ఆగిన క్షణంలో పనికి వస్తుంది. కొత్తవారు చేసే పొరపాటు ఏమిటంటే, డౌన్ జాకెట్టు చేయవలసిన పనిని కూడా ఫ్లీస్ చేతే చేయించాలని చూడడం.

విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి దాదాపు 100 వాట్లు, అంటే పాతకాలపు గుండు బల్బు ఒకటి వెలిగితే వచ్చేటంత. వీపున 8 లేదా 10 కిలోల బరువు పెట్టుకుని ఏటవాలు ఎక్కుతుంటే అది నాలుగైదు రెట్లు పెరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర కూడా ఎక్కడం మొదలుపెట్టిన పావుగంటకు నుదుటిన చెమట పట్టడానికి కారణం ఇదే. ఆ చెమట ఆవిరై బయటికి పోకుండా బట్టలోనే ఉండిపోతే, నడుస్తున్నంతసేపూ చిరాకు తప్ప నష్టం పెద్దగా ఉండదు. ఆగి కూర్చున్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే కదలని నీరు కదలని గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతుంది, పైగా ఆ తడి ఆరడానికి కావలసిన వేడిని కూడా మన ఒంటి నుంచే తీసుకుంటుంది. కాబట్టి మిడ్ లేయర్‌ను ఎంచేటప్పుడు అది ఎంత వెచ్చగా ఉంది అనే ప్రశ్న రెండోది, ఆవిరిని ఎంత తేలికగా వదులుతుంది అనేది మొదటిది.

బట్ట బరువు, అల్లిక

ఫ్లీస్ అనేది పాలిస్టర్ దారంతో అల్లిన బట్టను సన్నటి తీగల బ్రష్‌లతో గీకి పీచు లేపగా తయారయ్యే గుడ్డ. లేచిన ఆ పీచు మధ్య చిక్కుకున్న గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, లారెన్స్ పట్టణపు మాల్డెన్ మిల్స్ అనే బట్టల మిల్లు 1970ల చివర దీన్ని రూపొందించగా, పటగోనియా కంపెనీ దాన్ని కొండలెక్కేవారి దగ్గరికి చేర్చింది. ఇప్పుడు అనేక కంపెనీల జాకెట్ల లోపల చిన్న చీటీ మీద కనిపించే పోలార్‌టెక్ అన్న పేరు ఆ మిల్లు నుంచి వచ్చినదే. పాలిస్టర్ పీచు మామూలు వాతావరణంలో తన బరువులో అర శాతం తేమను కూడా లోపలికి పీల్చుకోదు, పత్తి నూలు 7, 8 శాతం దాకా పీల్చుకుంటుంది. ఫ్లీస్ అసలు తడవదని దీని అర్థం కాదు. పీచుల మధ్య నీరు నిలుస్తుంది, కానీ పీచు లోపలికి చేరదు కనుక గట్టిగా విదిలిస్తే చాలా వరకు రాలిపోతుంది, మిగిలినది ఒంటి వేడికే ఆరిపోతుంది.

మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అనే లెక్కలో చెబుతారు. చీటీ మీద జీఎస్ఎం అని ఉండేది అదే. 100, 200, 300 అనే మూడు తరగతులు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. 300 తరగతిది కదలకుండా ఉండేవారికి. దాన్ని వేసుకుని కొండ ఎక్కడమంటే రగ్గు కప్పుకుని పరుగెత్తడమే. 200 తరగతిది సాయంత్రాలకు, బస్సు ప్రయాణానికి, ఊళ్ళో తిరగడానికి హాయిగా ఉంటుంది, అతి చలిలో మెల్లగా నడిచేవారికి నడకలో కూడా పనికివస్తుంది. మనలో ఎక్కువమందికి నడకలో సరిపోయేది 100 నుంచి 150 మధ్యది. చేతిలో పట్టుకుంటే దీనికి చలి ఆగుతుందా అనే అనుమానం తప్పకుండా కలుగుతుంది, అంత పల్చగా ఉంటుంది. ఆ అనుమానం కలగని ఫ్లీస్ నడకకు కాస్త మందమే అయి ఉంటుందని నా అనుభవం.

ఒకే బరువు ఉన్న రెండు ఫ్లీస్‌లు ఒకేలా పనిచేస్తాయనుకోనవసరం లేదు. రెండు వైపులా నున్నగా ఉండే మామూలు మైక్రోఫ్లీస్ చవకగా దొరుకుతుంది, చాలా ఏళ్ళు మన్నుతుంది, మొదటిసారి కొనేవారికి అంతకు మించి అవసరం లేదు. లోపలి వైపు చిన్న చిన్న చదరాలుగా పీచు లేచి, వాటి నడుమ సందులు ఉండే రకాన్ని గ్రిడ్ ఫ్లీస్ అంటారు. దీన్ని గళ్ళ ఫ్లీస్ అనుకుంటే సులువుగా గుర్తుంటుంది. పీచు ఉన్న చోట గాలి నిలిచి వెచ్చదనం ఇస్తుంది, సందుల్లోంచి ఆవిరి వెళ్ళిపోతుంది, అదే వెచ్చదనానికి బట్ట బరువు కూడా తగ్గుతుంది. త్వరగా చెమట పట్టే ఒళ్ళు ఉన్నవారు, వేగంగా నడిచేవారు కొంచెం ఎక్కువ ఖర్చయినా దీన్నే చూడడం మంచిది. ఇక పోలార్‌టెక్ ఆల్ఫా వంటి, దూది పింజల్లా వదులుగా ఉండి అవతలి వెలుతురు కనిపించే రకాలు బరువులో అన్నిటికంటే తేలిక, ఆవిరి వదలడంలో అన్నిటికంటే మెరుగు. అయితే గాలి వీస్తే అవి ఉన్నా లేనట్టే, ముళ్ళ కంపకు తగిలితే చిరుగుతాయి, ధర కూడా ఎక్కువ. గ్రాములు లెక్కపెట్టుకునే అనుభవజ్ఞులకు అవి సరే, మొదటి ట్రెక్కుకు నేను సలహా ఇవ్వను.

నడకకు వద్దని గట్టిగా చెప్పవలసిన రకం ఒకటి ఉంది: లోపల గాలిని ఆపే సన్నటి పొర అంటించిన విండ్‌ప్రూఫ్ ఫ్లీస్. బైకు మీద వెళ్ళేవారికి అది బాగుంటుంది. కొండ ఎక్కేటప్పుడు మాత్రం ఏ ఆవిరి బయటికి పోవాలని మనం ఫ్లీస్ వేసుకున్నామో ఆ ఆవిరికే అది అడ్డం పడుతుంది. గాలిని ఆపే పనిని పైన వేసుకునే పల్చటి విండ్‌చీటర్‌కు వదిలేస్తే, గాలి ఉన్నప్పుడు వేసుకుని లేనప్పుడు తీసేసే స్వేచ్ఛ మన చేతిలో ఉంటుంది.

దుకాణంలో చూడవలసినవి

చీటీ మీద జీఎస్ఎం రాసి లేకపోతే పరీక్షించడానికి సులువైన మార్గాలు ఉన్నాయి. బట్టను నోటికి ఆనించి అవతలి వైపు అరచేయి పెట్టి ఊదితే ఊపిరి అరచేతికి తెలియాలి. తెలియకపోతే అది విండ్‌ప్రూఫ్ రకమో, మరీ మందపుదో అయి ఉంటుంది. ఫోను టార్చి వెనక పెట్టి చూస్తే నడకకు పనికివచ్చే ఫ్లీస్‌లో వెలుతురు గుచ్చుకుని కనిపిస్తుంది. మీడియం సైజు జాకెట్టు 200 నుంచి 300 గ్రాముల మధ్య తూగాలి, 400 దాటితే అది 200 తరగతికి చెందినదనుకోవచ్చు. దుకాణంలో తూకం లేకపోయినా, ఇంటికి తెచ్చాక వంటింటి త్రాసు మీద పెట్టి చూసి, ఎక్కువైతే చీటీ తెంపకుండానే మార్చుకోవచ్చు. చుట్టచుట్టి పిండితే దాదాపు లీటరు నీళ్ళ సీసా అంత పరిమాణానికి రావాలి. బొటనవేలితో ఒకే చోట పదిహేను ఇరవై సార్లు గట్టిగా రుద్దినప్పుడు అప్పుడే ఉండలు కట్టడం మొదలుపెట్టే బట్ట, బ్యాగు పట్టీల కింద ఒక్క సీజను కూడా అందంగా ఉండదు.

తొడిగి చూసేటప్పుడు లోపల బేస్ లేయర్ వంటి టీషర్టు ఒకటి ఉండాలి. రెండు చేతులూ పైకెత్తితే నడుము బయటపడకూడదు, ముందుకు వంగితే వీపు కింది భాగం కప్పబడి ఉండాలి, చేతులు చాచినప్పుడు మణికట్టు కనిపించకూడదు. మరీ వదులుగా ఉంటే లోపలి గాలి అడుగడుగునా బయటికి తోసుకుపోయి వెచ్చదనం నిలవదు, పైన రెయిన్ జాకెట్టు వేసినప్పుడు మడతలు పడుతుంది. మరీ బిగుతుగా ఉంటే పీచు అణిగిపోయి గాలి నిలిచే చోటే ఉండదు. వీలైతే మీ బ్యాగును, రెయిన్ జాకెట్టును కూడా దుకాణానికి తీసుకువెళ్ళండి. అమ్మేవారు వింతగా చూస్తారు, చూడనివ్వండి. భుజం మీద లావుపాటి కుట్టు ఉంటే బ్యాగు పట్టీ కింద అది మొదటి రోజే కోసుకుంటుంది, నడుము దగ్గరి జేబులు బ్యాగు బెల్టు కిందికి పోయి చేతికి అందవు. ఈ రెండూ బ్యాగు తగిలిస్తే గానీ తెలియవు. జేబు ఒక్కటే ఉంటే ఛాతీ మీద ఉండడం మేలు.

జిప్పు సగం వరకు ఉండాలా, పూర్తిగా ఉండాలా అనేది ఎప్పటికీ తెగని చర్చ. మాటిమాటికీ విప్పేవారికి పూర్తి జిప్పు సౌకర్యం. అయితే సరైన మందం ఎంచుకున్నవారికి విప్పే అవసరమే తక్కువ. ఎక్కేటప్పుడు జిప్పు ఛాతీ దాకా దించి, ఫ్లీస్ చేతులను మోచేతుల పైకి మడిచి, దిగేటప్పుడు తిరిగి పైకి లాగితే చాలు. అందుకే నేను తేలికగా ఉండే సగం జిప్పు వైపే మొగ్గుతాను, దాని మీద పట్టీ బకిల్ కూడా చక్కగా కూర్చుంటుంది. జిప్పు పై చివర గడ్డానికి గుచ్చుకోకుండా చిన్న గుడ్డ మడత ఉందో లేదో చూడాలి. పల్చటి హుడ్ ఉన్న ఫ్లీస్ మంకీ క్యాప్ పని కూడా చేస్తుంది, రాత్రి స్లీపింగ్ బ్యాగులో మరీ హాయిగా ఉంటుంది. జడ వేసుకునేవారు మాత్రం హుడ్ తొడిగి, జడ లోపల ఎక్కడ పడుతుందో చూసుకున్నాకే కొనాలి, ఎందుకంటే బిగుతైన హుడ్ కింద నలిగిన జడ సాయంత్రానికి తలనొప్పి తెస్తుంది. బొటనవేలు దూర్చుకునే రంధ్రాలు చేతి గ్లవ్స్ తొడుక్కునేటప్పుడు చొక్కా చేతులు పైకి పోకుండా ఆపుతాయి, ఉంటే మంచిదే. రంగు మీ ఇష్టం.

ధర గురించి కూడా ఒక మాట. డెకత్లాన్ వంటి దుకాణాల్లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే మామూలు 100 తరగతి ఫ్లీస్, పేరున్న విదేశీ కంపెనీల పది వేల రూపాయల ఫ్లీస్ చేసే పనిలో చాలా భాగం చేస్తుంది. మిగిలిన డబ్బును బూట్ల మీద, నమ్మకమైన రెయిన్ జాకెట్టు మీద పెట్టడం తెలివైన పని, ఎందుకంటే ఆ రెండింటిలో చవకదానికీ మంచిదానికీ ఉన్న తేడా కొండ మీద వెంటనే తెలుస్తుంది. బరువైన డౌన్ జాకెట్లు సాంక్రీ, మనాలీ వంటి చోట్ల అద్దెకు దొరుకుతాయి కాబట్టి వాటిని మొదటిసారికే కొననవసరం లేదు. రోజంతా ఒంటి మీద ఉండే ఫ్లీస్ మాత్రం సొంతది, కొలతకు సరిపోయినది ఉండాలి.

లోపల బనియను వద్దు

ఎంత మంచి ఫ్లీస్ కొన్నా దాని కింద మనవాళ్ళు అలవాటుగా వేసుకునే నూలు బనియను ఉంటే ఆ ఖర్చంతా వృథా. ఎండాకాలంలో మనకు సుఖాన్నిచ్చే గుణమే అక్కడ శత్రువవుతుంది: చెమటను పీల్చుకుని, పట్టుకుని, ఆరకుండా వీపుకు అంటుకుని ఉంటుంది. ఫ్లీస్ ఆవిరిని మాత్రమే వదలగలదు, నూలులో నిలిచిపోయిన నీటిని లాగలేదు. ఆగిన చోటల్లా వీపు మంచుగడ్డ పెట్టినట్టు ఉందని చెప్పేవారిని అడిగి చూడండి, పదిమందిలో ఎక్కువమంది లోపల నూలు బనియనో, టీషర్టో వేసుకునే ఉంటారు. పాలిస్టర్ స్పోర్ట్స్ టీషర్టు గానీ, సన్నటి మెరీనో ఉన్ని బేస్ లేయర్ గానీ వేసుకోవాలి. ఊళ్ళో చలికి వేసుకునే మందపాటి థర్మల్స్‌ను రాత్రి నిద్రకు ఉంచుకోండి, వాటిలోనూ నూలు కలిసినవి చాలా ఉంటాయి.

ఏ కొండకు ఎంత

ఎత్తు పెరిగే కొద్దీ సగటున ప్రతి 1,000 మీటర్లకు దాదాపు 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. సాంక్రీ దాదాపు 1,950 మీటర్ల ఎత్తున ఉంటే కేదార్‌కంఠ శిఖరం 3,810 మీటర్లు. అంటే ఊళ్ళో చూసిన ఉష్ణోగ్రత కంటే పైన 12 డిగ్రీలు తక్కువ ఉంటుందనుకుని సిద్ధపడాలి, గాలి దెబ్బ దానికి అదనం. డిసెంబరు, జనవరి నెలల్లో శిఖరానికి తెల్లవారక ముందే బయలుదేరతారు గనుక, అలాంటి రోజుకు నా ఏర్పాటు ఇది: పల్చటి బేస్ లేయర్, 100 తరగతి గళ్ళ ఫ్లీస్, పైన విండ్‌చీటర్, సంచిలో డౌన్ జాకెట్టు. మరీ చలికి ఓర్వలేనివారు మందపాటి ఫ్లీస్ ఒకటి కొనే బదులు 100 తరగతివి రెండు తీసుకువెళితే, ఒకటి వేసుకోవడమో రెండూ వేసుకోవడమో అవసరాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు, ఒకటి తడిస్తే మరొకటి ఉంటుంది.

హిమాచల్‌లోని హమ్టా పాస్‌కు వానాకాలంలో వెళ్ళేవారి అవసరం వేరు. కనుమకు ఇవతల కులూ వైపు తడి, అవతల లాహౌల్ వైపు పొడి గాలి. ఇక్కడ మంచు కంటే తుంపర ఎక్కువ బాధిస్తుంది కాబట్టి త్వరగా ఆరడమే ముఖ్యం, ఎంత పల్చనైతే అంత మంచిది. సియాటెల్ చుట్టుపక్కల స్థిరపడి శనివారాల్లో కొండలెక్కే మనవాళ్ళకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది; ఏడాదిలో సగం రోజులు అక్కడ సన్నటి వాన తోడుగానే నడవాలి.

మన దగ్గర చలిని చూడాలంటే అల్లూరి సీతారామరాజు జిల్లా ఉంది. దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి స్థానికంగా కొర్రబయలు అనే పేరు ఉంది, బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు. పాడేరు దగ్గరి వంజంగి కొండను మేఘాల కోసం తెల్లవారుజామున ఎక్కేవారికి ఎక్కినంతసేపూ ఫ్లీస్ ఒక్కటే ఎక్కువ అనిపిస్తుంది, పైన సూర్యోదయం కోసం ఎదురుచూసే అరగంటలో మాత్రం గాలి కోసేస్తుంది. కాబట్టి ఎక్కేటప్పుడు ఫ్లీస్‌ను సంచిలో పెట్టుకుని, పైకి చేరగానే, చెమట చల్లబడక ముందే వేసుకుని, దాని మీద విండ్‌చీటర్ వేసుకుంటే సరిపోతుంది. హిమాలయాలకు కొన్న బట్టలను ముందుగా పరీక్షించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మనకు లేదు. డిసెంబరు రెండో వారంలో ఒక రాత్రి అక్కడ గడిపి, అవే బట్టలతో, అదే బరువుతో ఎక్కి చూస్తే ఏది తక్కువో ఏది ఎక్కువో అక్కడే తేలిపోతుంది.

కొండ మీద వాడే తీరు గురించి నేను నేర్చుకున్నది ఒక్కటే: బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా ఉండాలి. గుడారం దగ్గర వెచ్చగా, సుఖంగా ఉన్న మనిషి పదిహేను నిమిషాల్లో చెమటతో తడుస్తాడు. ఆగినప్పుడు చలి వేసేదాకా చూడకుండా, బ్యాగు దించిన వెంటనే ఫ్లీస్ మీదనే డౌన్ జాకెట్టు వేసుకోవాలి, లేచేటప్పుడు తీసేయాలి. బద్ధకించి అలాగే నడిస్తే డౌన్ చెమటకు తడిసి ముద్దయి రాత్రికి పనికిరాకుండా పోతుంది.

ఉతకడం, ఆరబెట్టడం

చన్నీళ్ళలో, తక్కువ సబ్బుతో, లోపలి వైపు బయటికి తిప్పి ఉతకాలి. జీన్సు, తువ్వాళ్ళతో కలిపి వేస్తే ఉండలు కడుతుంది. బట్టలు మెత్తబడాలని వేసే కండిషనర్ పీచు మీద పూతలా నిలిచి చెమట లాగే గుణాన్ని చెడగొడుతుంది కాబట్టి దాన్ని వాడకూడదు. ఇస్త్రీ అసలే వద్దు. ఉతికిన ప్రతిసారీ సన్నటి పాలిస్టర్ పీచు నీళ్ళలోకి పోతుంది, అందువల్ల నిజంగా మురికి పట్టినప్పుడే ఉతకడం బట్టకూ, చెరువుకూ మంచిది. నీడలో తీగ మీద వేస్తే మన ఊళ్ళో కొద్ది గంటల్లో ఆరిపోతుంది. కొండ మీద తడిస్తే విదిలించి, ఒంటి మీదే ఉంచుకుని ఆరబెట్టుకోవడం ఉత్తమం. చలిమంట దగ్గర మాత్రం ఫ్లీస్ మీద ఏదైనా నూలు దుప్పటి కప్పుకుని కూర్చోండి. పాలిస్టర్ దాదాపు 250 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, ఎగిరివచ్చిన ఒక్క నిప్పురవ్వ చాలు, మరునాటి ఉదయానికి భుజం మీద బఠాణీ గింజంత చిల్లు, దాని చుట్టూ గట్టిపడిన నల్లటి అంచు కనిపిస్తాయి.